ఆదివారం ప్లాస్టిక్ సేకరణ: ఫ్లాట్ల వాళ్లంతా చూడండి

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం ఉదయం 8 నుంచి 10 వరకు సెల్లార్‌లో లిఫ్ట్ పక్కన పొడి చెత్త తీసుకుంటాం. పాత సామాన్లు కొనే అతను ట్రాలీ ఆటోతో వస్తున్నాడు. పది దాటితే ఆగడు.

పోయినసారి మూడు సంచులు వద్దని వదిలేసి వెళ్లాడు. పెరుగు డబ్బాల్లో పెరుగు అలాగే ఉంది మరి! కడిగి, ఆరబెట్టి ఇవ్వండి. సబ్బు అక్కర్లేదు, బియ్యం కడిగిన నీళ్లు చాలు.

పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించకండి. ఆ చిన్న ముక్క ఎవరికీ దొరకదు, నేరుగా కాలువలోకే. ముక్క ప్యాకెట్‌కే వేలాడేలా కోయండి.

డబ్బా అడుగున త్రికోణంలో అంకె చూడండి. 1 (నీళ్ల సీసాలు), 2 (షాంపూ డబ్బాలు), 5 (పార్సిల్ డబ్బాలు) తీసుకుంటాడు. చిప్స్ కవర్లు తీసుకోడు. వాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి, విడదీయడం కష్టం. అవి మామూలుగా నీలం డబ్బాలోకే.

డైపర్లు, ప్యాడ్లు దయచేసి వీటిలో కలపొద్దు. పేపర్లో చుట్టి విడిగా ఇవ్వండి. చేత్తో ఏరేది మనుషులే.

120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగులపై 2022 డిసెంబర్ 31 నుంచే నిషేధం ఉంది. మన గేటు ముందు కూరగాయల బండి దగ్గర మాత్రం ఇంకా ఇస్తున్నారు, మనమూ తీసుకుంటున్నాం. గుడ్డ సంచి పట్టుకెళ్దాం.

సంచి మీద ఫ్లాట్ నంబర్ రాయడం మర్చిపోకండి. సాయానికి ఇద్దరు కావాలి. గుడ్ మార్నింగ్ ఫోటోల కింద ఈ మెసేజ్ కొట్టుకుపోకముందే పేర్లు ఇవ్వండి 😀