ఒక్క రోజు చాలన్న మీకు

అమెరికా న్యాయశాఖ పౌరహక్కుల విభాగం అధిపతి గారికి,

నమస్కారం.

2020 మార్చి 13, అర్ధరాత్రి దాటాక లూయీవిల్‌లో బ్రియానా టేలర్ ఇంటి తలుపు పోలీసులు పగలగొట్టారు. ఎవరో దొంగలు చొరబడ్డారనుకుని ఆమె స్నేహితుడు ఒక్కసారి కాల్చాడు. బదులుగా ముగ్గురు పోలీసులు 32 తూటాలు కాల్చారు. ఇరవయ్యారేళ్ల ఆ అమ్మాయి తన ఇంటి నడవాలోనే ప్రాణం విడిచింది.

వాటిలో 10 తూటాలు ఆ ముగ్గురిలో ఒకడైన బ్రెట్ హాంకిసన్‌వి. కిటికీకి బ్లైండ్స్ వేసున్నాయి, లోపల ఎవరున్నారో కనబడదు. అయినా బయట నుంచే కాల్చాడు. కొన్ని గోడ చీల్చుకుని పక్కింట్లోకి దూసుకుపోయాయి. అక్కడ ఒక గర్భిణి, ఒక పసివాడు ఉన్నారు.

2024 నవంబరులో టేలర్ పౌరహక్కులను ఉల్లంఘించాడని జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. మీరేమో 2025 జులైలో ఒక్క రోజు శిక్ష చాలని కోర్టుకు రాశారు. అదీ అతను ఎప్పుడో గడిపేసిన రోజు! గెలిచిన ప్రభుత్వమే దోషి తరఫు వకీలులా వాదించడం నేనెక్కడా చూడలేదు. అతని తూటా ఎవరికీ తగల్లేదన్నారు. నిజమే, కానీ అది అతని జాగ్రత్త వల్లనా?

జడ్జి మీ మాట వినక 33 నెలలు వేశారు. సరే. నాకు అర్థంకానిది వేరే ఉంది. కోర్టుకిచ్చిన ఆ కాగితం మీద మీ సంతకం ఉంది, కేసు నడిపిన ప్రాసిక్యూటర్ల సంతకాలు లేవు. ఎందుకు పెట్టలేదో చెబుతారా?

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు