బూట్‌క్యాంప్‌కి వెళ్లాకే తెలిసే ఉద్యోగం

సంపాదకులకు నమస్కారం.

కిందటి వారం మీ పత్రికలో ఒక తెలుగు కుర్రాడు అమెరికా నేవీకి 'న్యూక్లియర్ ఇంజనీర్'గా ఎంపికయ్యాడని ఫొటోతో సహా వేశారు. సంతోషం. కానీ ఆ హెడ్డింగ్ చూసి మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రెండేళ్ల క్రితం మా చుట్టాలందరికీ ఫోన్లు చేసి మా అబ్బాయి గురించి మేమూ అచ్చం ఇదే మాట చెప్పాం మరి.

ఆ అబ్బాయి ఎంపికైంది ఇంజనీర్‌గా కాదు. హైస్కూల్ అవ్వగానే సెయిలర్‌గా చేరేవాళ్లకి అక్కడ ఇచ్చేది టెక్నీషియన్ పని. డిగ్రీతో ఆఫీసర్లుగా వెళ్లేవాళ్ల దారి వేరు. వాళ్లని వాషింగ్టన్ పిలిపించి, నేవీ అణు రియాక్టర్లన్నీ చూసే నేవల్ రియాక్టర్స్ విభాగానికి అధిపతిగా ఉన్న అడ్మిరల్ స్వయంగా ఇంటర్వ్యూ చేస్తాడు. అణు నేవీకి ఆద్యుడైన అడ్మిరల్ రికోవర్ నాటి నుంచీ వస్తున్న ఆనవాయితీ అది. సెయిలర్ల ఎంపికలో అంత హంగామా ఉండదు. అమెరికా సైన్యంలో చేరేవాళ్లు రాసే ఆస్వాబ్ అనే ప్రవేశ పరీక్షలో లెక్కలు, సైన్సు మార్కులు చూస్తారు. అవి కాస్త తగ్గితే ఎన్‌ఏపీటీ అని ఇంకో పరీక్ష పెడతారు. హైస్కూల్లో ఆల్జీబ్రా చదివాడా లేదా అని చూస్తారు. అన్నీ కుదిరితే న్యూక్లియర్ ఫీల్డ్ కాంట్రాక్ట్ మీద సంతకం.

అసలు కిటుకు ఆ కాంట్రాక్ట్‌లో ఉంది. న్యూక్లియర్ ఫీల్డ్ అన్నది ఒక ఉద్యోగం పేరు కాదు, మూడు ఉద్యోగాలకి కలిపి పెట్టిన గుమ్మం. మెషినిస్ట్స్ మేట్‌ది ఆవిరి, టర్బైన్లు, పంపులు, వాల్వుల పని. ఎలక్ట్రీషియన్స్ మేట్ జనరేటర్లు, మోటార్లు, స్విచ్‌బోర్డులు చూస్తాడు. ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ రియాక్టర్‌ని కంట్రోల్ చేసే పరికరాల దగ్గర కూర్చుంటాడు. ఈ మూడింట్లో ఏది వస్తుందో సంతకం చేసిన రోజున ఎవరికీ తెలియదు. ఇల్లినాయ్‌లోని గ్రేట్ లేక్స్‌లో బూట్‌క్యాంప్‌కి, అంటే కొత్తవాళ్ల తొలి శిక్షణకి, వెళ్లాక, నీకేది ఇష్టమో వరసగా చెప్పమంటారు. ఆ ఇష్టాన్నీ, మార్కుల్నీ, ఆ సమయానికి ఏ స్కూల్లో ఎన్ని సీట్లు నింపాలో అన్నదాన్నీ కలిపి చూసి తేలుస్తారు. నన్నడిగితే వీటిలో ఆ సీట్ల లెక్కదే పైచేయి.

మా వాడు ఎలక్ట్రానిక్స్ మొదట చెప్పాడు, ఎలక్ట్రికల్ రెండోది. ఒక ఆదివారం ఫోన్ చేశాడు. వెనక ఎవరో అరుస్తున్నారు, వీడు గబగబా మాట్లాడుతున్నాడు. "నాన్నా, ఎంఎం వచ్చింది."

"అంటే ఏంట్రా?"

"మెషినిస్ట్స్ మేట్. పంపులు, పైపులు. మళ్లీ చేస్తా." ఫోన్ పెట్టేశాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాంట్రాక్ట్ కాగితాలు మళ్లీ తీసి ప్రతి లైనూ వేలు పెట్టి చదివాను. న్యూక్లియర్ ఫీల్డ్ అని ఉంది తప్ప ఎలక్ట్రానిక్స్ అన్న మాట ఎక్కడా లేదు. మమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. రిక్రూటర్ అబద్ధం చెప్పలేదు, అలాగని విడమరిచీ చెప్పలేదు. మేమూ అడగలేదు. నాలుగేళ్ల సర్వీసుకి జతగా మరో రెండేళ్ల పొడిగింపు ఉందని, మొత్తం ఆరేళ్లని మాత్రం బాగా అర్థమైంది మాకు. ఆ ఆరేళ్లు ఏం చేస్తాడన్నది అడగకుండా వదిలేశాం!

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ రాత్రి నా బాధంతా 'నా కొడుకు మెకానిక్కా' అనే. తర్వాత తెలిసింది, రియాక్టర్ నీళ్ల కెమిస్ట్రీ చూసేదీ, రేడియేషన్ కొలిచేదీ ఈ మెషినిస్ట్స్ మేట్లలోంచి తీసుకున్నవాళ్లేనని. సౌత్ కరోలినాలో చార్లెస్టన్ దగ్గర గూస్ క్రీక్‌లో, ఎవరి పని వాళ్లకి నేర్పే ఎ-స్కూల్ అయ్యాక మూడు ఉద్యోగాల వాళ్లూ ఒకే పవర్ స్కూల్లో ఆరు నెలలు కూర్చుంటారు. అక్కడ ఫిజిక్స్, థర్మోడైనమిక్స్, రియాక్టర్ సిద్ధాంతం చెబుతారు. పుస్తకాలు రహస్యం కాబట్టి బయటికి తీసుకురానివ్వరు, చదవాలంటే రాత్రయినా ఆ బిల్డింగ్‌లోనే. "ఏం చదివావురా ఇవాళ?" అంటే "చెప్పకూడదమ్మా" అంటాడు. వాళ్లమ్మ మొదట్లో అలిగింది. ఆ తర్వాత ఇంకో ఆరు నెలలు ప్రోటోటైప్, నిజం రియాక్టర్ మీద పని. ఎక్కడైనా చదువు సాగలేదా, న్యూక్లియర్ లోంచి తీసి నేవీకి అవసరమున్న వేరే పనికి పంపుతారు. ఇదీ ముందే చెప్పాల్సిన సంగతే.

నేవీ తన అవసరం చూసుకోవడాన్ని నేను తప్పుపట్టను. సబ్‌మెరైన్లన్నీ, 11 విమాన వాహక నౌకలూ రియాక్టర్ల మీద నడిచే దేశం అది. అందరూ ప్యానెల్ ముందే కూర్చుంటామంటే పంపు దగ్గర ఎవరుంటారు? నా ఫిర్యాదు చెప్పే పద్ధతి మీద. సంతకానికి ముందు ఒక్క పేజీ చేతిలో పెట్టి, 'మూడింట్లో ఏదైనా రావచ్చు, నిర్ణయం మాది' అని పెద్ద అక్షరాల్లో రాసివ్వడానికి ఖర్చేముంది? ఇచ్చాక కూడా, ఎందుకిచ్చారో ఒక్క ముక్క చెబితే చాలు. మార్కుల వల్లో, సీట్లు లేకో. మా వాడికి ఈ రోజుకీ కారణం తెలియదు. 18 ఏళ్ల కుర్రాడు కారణం తెలియకపోతే తనలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. మా వాడు కొన్ని నెలలు అలాగే అనుకున్నాడు.

మీరూ కాస్త సాయం చేయొచ్చు. ఇలాంటి వార్త వేసేటప్పుడు 'ఇంజనీర్' అన్న మాట తీసేసి, ఏ పనో బూట్‌క్యాంప్‌లో తేలుతుందని ఒక వాక్యం కలపండి.

మా వాడు ఇప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలో బాల్‌స్టన్ స్పా దగ్గర ప్రోటోటైప్‌లో ఉన్నాడు. షిఫ్టుల్లో పడి నిద్ర లేదంటాడు గానీ గొంతులో మునుపటి దిగులు లేదు. మీరు ఫొటో వేసిన అబ్బాయి వచ్చే నెల గ్రేట్ లేక్స్ వెళ్తాడని రాశారు. వీలైతే ఈ ఉత్తరం ఆలోపే అచ్చువేయండి.

ఇట్లు,
ఒక సెయిలర్ తండ్రి