బూడిద వాడకం శాతం సరే, చెరువు గట్టు మీద ఏం జరుగుతోంది?

సంపాదకుడికి,

థర్మల్ విద్యుత్ కేంద్రాల పర్యావరణ పనితీరు గురించి వార్త వచ్చినప్పుడల్లా ఒకే అంకె కనిపిస్తోంది: ఈ ఏడాది బూడిదలో ఇంత శాతం వాడేశాం అని. పరవాడలో సింహాద్రి విద్యుత్ కేంద్రం 2000 మెగావాట్లు, పాలవలసలో హిందూజా కేంద్రం 1040 మెగావాట్లు నడుస్తున్న విశాఖ ప్రాంతం మనది. ఆ ఒక్క అంకెతో సరిపెట్టుకోకూడదన్నదే మా మనవి. ఏ ఒక్క సంస్థనూ వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. బొగ్గు బూడిదను నీళ్లతో కలిపి నింపే బూడిద చెరువు ఎక్కడున్నా ఇవే సమస్యలు, వాటికి ఇవే మందులు.

ముందు లెక్క చూద్దాం. 2000 మెగావాట్ల కేంద్రం పూర్తి లోడు మీద నడిస్తే రోజుకు సుమారు 30 వేల టన్నుల బొగ్గు కాలుతుంది. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి బూడిదే. అంటే రోజుకు 10 వేల టన్నుల పైమాట. ఇందులో బాయిలర్ అడుగున పడే ముతక బూడిద అయిదో వంతు. మిగిలింది సన్న బూడిద. పొగలోంచి బూడిదను విద్యుత్ శక్తితో లాగి పట్టే యంత్రాలు (ఈఎస్‌పీలు) దాన్ని సైలోలనే పెద్ద నిల్వ గోపురాలకు పంపితే, అక్కడి నుంచి మూసిన ట్యాంకులుండే బల్కర్ లారీల్లో సిమెంటు కంపెనీలకు వెళుతుంది. వానాకాలంలో సిమెంటు అమ్మకాలు తగ్గుతాయి, రోడ్ల పనులు ఆగుతాయి. సైలో నిండగానే మిగతా బూడిదను నీళ్లలో కలిపి గొట్టాల ద్వారా చెరువుకు తోలక తప్పదు. ఏడాది సగటు శాతం ఎంత బాగున్నా ఆ నాలుగు నెలల్లో చెరువు మీద భారం పడుతూనే ఉంటుంది.

2021 డిసెంబరు 31న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మూడేళ్ల సగటున నూరు శాతం బూడిద వాడాలి. వాడని బూడిదకు టన్నుకు 1000 రూపాయల పరిహారం కట్టాలి. మంచి నిబంధనే. కానీ చెరువులోంచి గాలికి లేచిన బూడిదను టన్నుల్లో తూచేదెవరు?

చెరువులో బూడిద నీరు వదిలే గొట్టం మూతి దగ్గర ముతక రేణువులు ముందు దిగుతాయి, సన్నవి దూరంగా నీరు తేరుకునే బావి వైపు పోతాయి. మూతిని నెలల తరబడి ఒకే చోట ఉంచితే అక్కడ దిబ్బ లేచి పైకి తేలుతుంది. మూడు నాలుగు రోజులు ఎండ కాస్తే దాని పైపొర పెళుసెక్కి విడిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో నైరుతి గాలి తగలగానే లేచేది ఆ బూడిదే. పరవాడ నుంచి ఆ గాలి వీచే దిక్కు గాజువాక. దీనికి పరిష్కారం చెరువు చుట్టూ గొట్టం తిప్పి, పలుచోట్ల వాల్వులు పెట్టి, వంతులవారీగా తెరవడం. అప్పుడు ఉపరితలమంతా తడిగా ఉంటుంది. చెరువులో ఎండబెట్టి తవ్వాల్సిన భాగంలో (మడిలో) స్ప్రింక్లర్లు నడవాలి. తవ్వడం ఆలస్యమయ్యేలా ఉంటే పైన ముతక బూడిదో మట్టో పరిచి గడ్డి పెంచాలి. స్ప్రింక్లర్లు ఉన్నాయా అని అడిగితే ఎవరైనా ఉన్నాయనే చెబుతారు. అడగాల్సింది నాజిళ్లు బూడిదతో పూడుకుపోకుండా ఎవరు శుభ్రం చేస్తున్నారు, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా పంపు నడిచిందా అని.

దుమ్మును కొలిచే పద్ధతిలోనూ లోపం ఉంది. గాలిలో తేలే సన్న దుమ్ము పీఎం10కి 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. ఒక ఊళ్లో మధ్యాహ్నం మూడు గంటల పాటు 400 ఉండి, మిగతా 21 గంటలు 50 ఉందనుకోండి. సగటు 94 దగ్గర తేలుతుంది. కాగితం మీద ఆ రోజు బాగున్నట్టే. బట్టలు ఆరేసుకున్న వాళ్లకూ, ఉబ్బసం ఉన్న పిల్లల తల్లులకూ ఆ మూడు గంటలే లెక్క. పైగా మనుషులు వెళ్లి నమూనాలు తీసే కేంద్రాల్లో కొలత వారానికి రెండు రోజులే. అందుకే చెరువుకు నైరుతిలో ఒకటి, ఈశాన్యంలో ఒకటి, నిరంతరం కొలిచే యంత్రాలు పెట్టాలి. పక్కనే గాలి దిశ, వేగం కొలిచే పరికరం ఉండాలి. రెండు యంత్రాల అంకెల తేడా చూస్తే చెరువు ఎంత దుమ్ము కలిపిందో తెలుస్తుంది. క్వారీ దుమ్మో రోడ్డు దుమ్మో అని తప్పించుకునే వీలుండదు.

గట్టు సంగతి ఇంకా ముఖ్యం. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ సింగ్రౌలి జిల్లా సాసన్‌లో బూడిద చెరువు గట్టు తెగి ఆరుగురు చనిపోయారు. ఇలాంటి గట్లను సాధారణంగా విడతలుగా, పాత బూడిద మీదనే ఎత్తు పెంచుతూ కడతారు. కాబట్టి నీరు గట్టును ఆనుకుని నిలవకూడదు, దూరంగా తేరుకునే బావి దగ్గరే ఉండాలి. నీటిమట్టాన్ని సరిచేసే బావి పలకలు సమయానికి తీయకపోయినా, అడుగు గొట్టం పూడినా నీరు వెనక్కి ఎక్కి గట్టును నానబెడుతుంది. గట్టు పాదం దగ్గర ఊట తేటగా వస్తుంటే భయం లేదు. బూడిద రంగు తిరిగిందంటే లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం, గంటల్లో స్పందించాలి. మనది తుపానుల తీరం, 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసినవాళ్లం. ఏటా సెప్టెంబరు నెలాఖరుకే నీటిమట్టం నుంచి గట్టు పైభాగానికి కనీసం మీటరున్నర ఖాళీ ఉందని, గట్టు లోపలి నీటి మట్టం చూపే పీజోమీటర్ల రీడింగులతో సహా బయటపెట్టాలి.

నీటి పైన తెల్లగా నురగలా తేలేది నురగ కాదు. లోపల డొల్లగా ఉండే బూడిద గోళీలు. మునగవు కాబట్టి బావి దాటి గెడ్డల్లోకి (వాగుల్లోకి) కొట్టుకుపోతాయి. బావి చుట్టూ తేలియాడే అడ్డుకట్ట వేస్తే ఆగిపోతాయి, ఖర్చు తక్కువ. బయటికి వదిలే నీటిలో కలిసి ఉండే ఘన రేణువులు లీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదని నిబంధన ఉంది. అసలు ఆ నీటిని తిరిగి ప్లాంటుకే పంపు చేసుకుంటే ఈ తకరారే ఉండదు.

ఇక ఆ శాతం సంగతి. సిమెంటులోకి, ఇటుకల్లోకి పోయిన బూడిదతో పాటు పల్లపు భూములు పూడ్చినదీ వాడకం కిందే లెక్క. విశాఖ చుట్టూ పల్లం అంటే చాలాచోట్ల చెరువు శిఖమో (చెరువు నీరు నిలిచే భూమో) గెడ్డ వారో. అక్కడ మట్టి కప్పు లేకుండా పోస్తే మొదటి వానకే నీళ్లలో కలుస్తుంది. ఏ సర్వే నంబరులో ఎన్ని టన్నులు పోశారు, పైన ఎంత మందాన మట్టి కప్పారు అన్నది ఆ గ్రామ సచివాలయం బోర్డు మీద ఉండాలి. పూడ్చే బదులు సబ్బవరం దగ్గర కలిసే రాయ్‌పూర్–విశాఖ రహదారి లాంటి పనుల్లో, రెండు పక్కలా మట్టి కవచం వేసి రోడ్డు కట్టలు పోయడానికి వాడితే నిజమైన వాడకం అనిపించుకుంటుంది. లంకెలపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కే ప్రతి లారీకి బూడిద తడిపి, టార్పాలిన్ బిగించి, చక్రాలు కడిగి పంపాలి. బల్కర్లు నింపే చోట గొట్టానికుండే గుడ్డ తొడుగు చిరిగితే ఆ పూటే మార్చాలి. అది చిన్న వస్తువే, అయినా లోడింగు దగ్గర దుమ్ముకు మొదటి కారణం తరచూ అదే.

సింహాద్రి జలాశయం మీద 25 మెగావాట్ల తేలియాడే సోలార్ 2021లో మొదలైనప్పుడు అందరం సంతోషించాం. ఆ సంతోషం బూడిద చెరువును మరిపించకూడదు. ప్లాంటు నడపడానికి ఇచ్చే అనుమతిని కాలుష్య నియంత్రణ మండలి పునరుద్ధరించే ప్రతిసారీ గంటవారీ దుమ్ము అంకెలు, గట్టు ఖాళీ ఎత్తు, పూడ్చిన భూముల జాబితా తెలుగులో ప్రకటించాలని షరతుగా రాయాలి. నెలవారీ బూడిద లెక్కలు తర్వాతి నెల 5వ తేదీలోగా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో పెట్టాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. వాటి పక్కన ఈ మూడూ చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

– థర్మల్ విద్యుత్ రంగ విశ్రాంత ఇంజినీర్లు, విశాఖపట్నం