దసరా పోస్టర్లకి ఏ ఏఐ యాప్?

అందరికీ నమస్కారం. ఒడిశాలోని బరంపురంలో మన షాపులవాళ్లు ముగ్గురు నలుగురు ఇదే అడిగారు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

ముందు నా తిక్కపని వినండి. మొన్న ఏఐతో పట్టుచీర బొమ్మ చేయించి స్టేటస్‌లో పెట్టాను. తెల్లారేసరికి ఒకావిడ వచ్చి "ఆ చీరే కావాలి" అని కూర్చుంది. ఆ చీర లోకంలోనే లేదు! మన బరంపురం పట్టు అంచుకి గుడి గోపురాల్లాంటి కుంభాల వరస ఉంటుంది కదా, ఆ బొమ్మలో అది రైలుపట్టాల్లా వచ్చింది. అమ్మే సరుకుకి ఫోన్‌తో తీసిన ఫోటోనే పెట్టండి. వెనకాల దీపాలు, పూలు, మండపం మాత్రం ఏఐతో చేయించుకోండి.

ఒడియా, తెలుగు అక్షరాలు చాలా యాప్‌లలో వంకరపోతాయి. బొమ్మ ఒక్కటే చేయించి, రాతలు కాన్వాలో (పోస్టర్లు తయారుచేసుకునే యాప్) విడిగా టైప్ చేసుకోండి.

ఇక బొమ్మలు గీసే యాప్‌ల సంగతి. మిడ్‌జర్నీ బొమ్మలు అందంగా ఉంటాయి, కానీ డబ్బు కట్టాలి. పైగా చిన్న ప్లాన్లలో మనం చేయించినవి అందరికీ కనిపిస్తాయి. వ్యాపారానికి అడోబీ ఫైర్‌ఫ్లై నయమని నా అభిప్రాయం. లైసెన్స్ ఉన్న బొమ్మలతోనే దానికి గీయడం నేర్పించామని కంపెనీయే చెప్తోంది, కాపీరైట్ టెన్షన్ తక్కువ. 2022లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్‌ని సొంత కంప్యూటర్‌లోనే నడపొచ్చు, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే. ఇంట్లో పుట్టినరోజు కార్డుకైతే గూగుల్ వాళ్ల జెమినీ చాలు.

హీరోల ముఖాలు మాత్రం పోస్టర్ల మీద పెట్టకండి బాబూ.

ఒడియా అక్షరాలు తప్పుల్లేకుండా రాసే యాప్ ఎవరికైనా దొరికితే ఇక్కడ చెప్పండి.