రెండు పావగడల కరెంటు

బెళ్లందూరు, బెంగళూరు
7 డిసెంబరు 2025

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. పోయిన ఆదివారం నువ్వు ఫోనులో అడిగిన ప్రశ్నకు "మంచిదేలే, ఉద్యోగాలు వస్తాయి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. నువ్వు నొచ్చుకున్నావని నీ గొంతులోనే తెలిసింది. విశాఖపట్నంలో చదువుకుంటున్న పిల్ల ఆ ఊరి పక్కన రాబోతున్న డేటా సెంటర్ (వేల కంప్యూటర్లు పగలూ రాత్రీ నడిచే కేంద్రం) గురించి పాతికేళ్లుగా కంప్యూటర్ల మీదే బతుకుతున్న తండ్రిని అడిగితే, ఆయన ఎన్నికల కరపత్రంలో ఉండే మాట ఒకటి తీసి చేతిలో పెట్టాడు. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో అయితే మనిద్దరం రెండో నిమిషంలో వాదనకు దిగుతాం, మూడో నిమిషంలో మీ అమ్మ ఫోను లాక్కుంటుంది.

ముందు తెలిసిన సంగతులు చెబుతాను. అక్టోబరులో గూగుల్ చేసిన ప్రకటన ప్రకారం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతారు, ఆ డేటా సెంటర్ కరెంటు సామర్థ్యం ఒక గిగావాట్, అంటే వెయ్యి మెగావాట్లు ఉంటుంది. డబ్బు అంకె అందరి నోటా నానింది కాని, నా బోటివాడు చూడవలసినది ఆ రెండో అంకె. కంప్యూటర్‌లోకి వెళ్లిన ప్రతి యూనిట్ కరెంటూ, అది లెక్క చేసినా బొమ్మ గీసినా నీ బదులు వ్యాసం రాసిపెట్టినా, చివరికి వేడిగానే బయటికి వస్తుంది. ఈ నియమం నుంచి ఎంత పెద్ద కంపెనీకీ మినహాయింపు లేదు. ఆ వేడిని తరిమెయ్యడానికి ఉన్న పాత ఉపాయం మీ జేజి నీళ్ల కుండకు తడిగుడ్డ చుట్టడం లాంటిదే: నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది, కాని ఆ నీరు మళ్లీ కుండలోకి రాదు. నీళ్లు మిగలాలంటే గాలితో చల్లబరచాలి, అప్పుడు కరెంటు ఇంకాస్త ఎక్కువ కాలుతుంది. కాబట్టి "మాది నీళ్లు తాగని డేటా సెంటర్" అని ఎవరైనా అంటే, మరి కరెంటు ఎంత తాగుతుందని వెంటనే అడగాలి. ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిసి 2024లో 41,500 కోట్ల యూనిట్లు వాడాయని, అది మొత్తం ప్రపంచపు వాడకంలో ఒకటిన్నర శాతమని, 2030 నాటికి అది రెట్టింపు దాటి 94,500 కోట్ల యూనిట్లకు చేరవచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క కట్టింది.

ఇప్పుడు ఆ గిగావాట్‌ను మన ఊరి కొలతలో చూద్దాం. ఎండ నుంచి కరెంటు తీసే మన పావగడ సోలార్ పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లని, అందుకు 13,000 ఎకరాలు పట్టిందని నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు; ఎండాకాలం సెలవుల్లో ఆ ఫలకాల మెరుపును బస్సు కిటికీలోంచి చూసి "నాన్నా, చెరువు!" అని అరిచినది నువ్వే. అయితే 2,050 అన్నది నడినెత్తిన ఎండ ఉన్నప్పటి మాట. రాత్రినీ మబ్బునీ కలుపుకొని ఏడాదికి సగటు తీస్తే అందులో నాలుగో వంతు వచ్చినా గొప్పే. అంటే దాదాపు అయిదు వందల మెగావాట్లు. నీ విశాఖ కేంద్రం పగలూ రాత్రీ పూర్తి సామర్థ్యంతో నడిచి, కరెంటంతా ఎండ నుంచే రావాలంటే రెండు పావగడలు కావాలి, పగలు పండిన కరెంటును రాత్రికి దాచుకునే బ్యాటరీల సంగతి వేరే. ఈ లెక్క మీద నాతో వాదించు, సంతోషిస్తాను. అసలు కరెంటు గాలి మరల నుంచి ఎంత వస్తుంది, బొగ్గు నుంచి ఎంత వస్తుంది అని నువ్వు అడగవచ్చు. అడగాలి కూడా.

ఒక పావగడ అంటే ఏమిటో మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? మూడు వైపులా ఆంధ్ర, పేరుకు కర్ణాటకలోని తుమకూరు జిల్లా, ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ, ఆకాశంలో మబ్బు తప్ప అన్నీ ఉన్న తాలూకా. శనేశ్వరస్వామి గుడికి దూరదూరాల నుంచి జనం వచ్చి శని వదిలించుకుని పోతారు, అది మా దగ్గరే దిగబడిందని మా నాయన నవ్వేవాడు. వేరుసెనగ వేస్తే మూడేళ్లలో రెండేళ్లు విత్తనాల ఖర్చు కూడా రాని నేల మీద, సోలార్ పార్కుకు భూమి ఇస్తే ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకొకసారి అయిదు శాతం పెంపు, 28 ఏళ్ల ఒప్పందం అంటే మీ చిన్నాయన ఎగిరి గంతేశాడు. నేనూ వెంటనే సంతకం పెట్టాను. భూమి మన పేరునే ఉంటుంది, అమ్ముకోనక్కర లేదు, వాన కోసం ఎదురు చూడనక్కర లేదు. ఇప్పటికీ అది తప్పని నేను అనను.

కాని ఆ ఏడాది ఉగాదికి ఊరు వెళ్లినప్పుడు, మన చేలో నేను పుట్టక ముందు నుంచి కాయలు కోసిన ఒక పెద్దమ్మ ఇంటి ముందుకు వచ్చి అరుగు మీద కూర్చుంది. చేతిలో ఆనవాయితీగా తెచ్చే మూట లేదు. కాయలు కోసిన కూలి కాక, కల్లంలో కింద రాలినవి ఏరుకుని ఆమె ఏటా ఒక మూట తీసుకునేది, అందులోంచి పిడికెడు మా అమ్మకు ఇచ్చేది. "చేను నీది, బాడుగ నీది నాయనా, నా కూలి ఎవరిది?" అని అడిగింది. నిష్ఠూరంగా కూడా అడగలేదు, నిజంగా తెలియక అడిగింది. నేను ఆమెకు జవాబు చెప్పలేదు, కాఫీ ఇప్పించాను. కొందరు కుర్రాళ్లకు కాపలా పని, గడ్డి కోసే పని, ఫలకాలు కడిగే పని దొరికాయి. ఆమె వయసు వాళ్లకు ఏదీ దొరకలేదు. ముళ్లకంచె పడ్డాక మేకలకు మేత కూడా పోయింది. సౌర ఫలకాల ప్రాజెక్టులకు మన దేశంలో పర్యావరణ అనుమతి అక్కర లేదు కనుక, చట్టప్రకారం ఊరంతా కూర్చుని మాట్లాడవలసిన సభ అంటూ ఒకటి లేదు. మాట్లాడినదంతా పహాణీలో, అంటే భూమి పత్రంలో పేరున్నవాళ్లతోనే. ఆమె పేరు ఏ పహాణీలోనూ లేదు.

పాతికేళ్ల ఉద్యోగంలో నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే ఉంటే అది ఇక్కడి నుంచి వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే కర్ణాటక ప్రభుత్వం 'భూమి' పథకం కింద రెండు కోట్ల భూమి పత్రాలను కంప్యూటర్‌లోకి ఎక్కించింది. గ్రామ లెక్కాధికారి చుట్టూ నెల రోజులు తిరిగి, చేయి తడిపితే గాని రాని పహాణీ, తాలూకా ఆఫీసు కిటికీలో 15 రూపాయలకు వచ్చింది. మా నాయన ఆ కాగితం పట్టుకుని ఫోను చేసి, "నువ్వు చేసే పని ఇదేనా?" అని గర్వంగా అడిగాడు. ఇది కాకపోయినా ఇలాంటిదే అన్నాను. టెక్నాలజీ చేయగల మేలు అదే, దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. అయితే పట్టికలో వరుసగా ఉన్నవాళ్లకు పని ఎంత చురుగ్గా జరిగితే, వరుసలో లేనివాళ్లు అంత పూర్తిగా మాయమవుతారు. ఒకప్పుడు నేను ఒక బ్యాంకు కోసం రుణ దరఖాస్తుల ప్రోగ్రాము రాశాను. ఇంటి నంబరు గడి ఖాళీగా ఉంటే దరఖాస్తు ముందుకు కదలదు. మన ఊళ్లో ఏ ఇంటికీ నంబరు ఉండేది కాదని నాకు తెలుసు, తెలిసే అలా రాశాను, ఎందుకంటే నాకిచ్చిన కాగితంలో అలాగే ఉంది. ఎనిమిది నెలల తర్వాత ఎవరో గ్రామీణ శాఖ నుంచి ఫిర్యాదు చేస్తే గాని అది మారలేదు. ఆ ఎనిమిది నెలల్లో ఎంతమంది వెనక్కి తిరిగి వెళ్లిపోయారో చెప్పే పట్టిక మా దగ్గర లేదు, ఉండదు కూడా.

రాజకీయాల సంగతి కూడా అడిగావు. ఏ పార్టీ అని నీ ఉద్దేశమైతే, అది నీ ఓటు, నీ ఇష్టం. నేను చెప్పగలిగినది నా తప్పు గురించి. 2015 ఆగస్టులో బెంగళూరు నగరపాలిక ఎన్నికల రోజున, వారాంతం కలిసివచ్చిందని మనం లేపాక్షి వెళ్లాం, గుర్తుందా? వేలాడే స్తంభం కింద నుంచి నువ్వు చున్నీ దూర్చి ఆడుకున్నావు. కార్పొరేటర్ అంటే చెత్తబండి మనిషి అని అప్పటి నా అభిప్రాయం. ఆ మండలి గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది, ఈ రోజు వరకు ఇంకొకటి రాలేదు. ఈ సెప్టెంబరులో నగరాన్ని అయిదు నగరపాలికలుగా విడగొట్టారు, ఎన్నికలు మాత్రం ఇంకా జరగవలసే ఉన్నాయి. కార్పొరేటర్లు లేని ఈ కాలంలోనే 2022లో వరద వచ్చి మా సహోద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసుకు వెళ్లారు; ఈ కాలంలోనే 2024 వేసవిలో నగరంలోని ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయి.

ఆ వేసవి నువ్వు ఇక్కడే ఉన్నావు కనుక వర్ణించనక్కర లేదు. వంద కిలోమీటర్ల దూరం నుంచి, అయిదు వందల మీటర్ల ఎత్తుకు తోడుకునే కావేరి మన వీధికి అప్పటికి రానేలేదు. పన్నెండు వేల లీటర్ల ట్యాంకరుకు ప్రభుత్వం వెయ్యి రూపాయలని ధర కట్టింది, ఆ ధరకు మనకు ఒక్కటీ దొరకలేదు. అప్పుడు నేను చేసినదేమిటి? ట్యాంకర్లు బుక్ చేసుకునే యాప్ తయారు చేశాను. మన అపార్ట్‌మెంటు సంఘంలో చప్పట్లు కొట్టారు, శాలువా కూడా కప్పారు. ఆ యాప్ ఒక్క చెంబు నీటిని కూడా పుట్టించలేదు. ట్యాంకరు నింపే బోరు ఏ ఊరిదో, ఆ ఊరి బావుల్లో నీళ్లున్నాయో లేవో చూపే గడి అందులో పెట్టాలని నాకు తోచనే లేదు. ఇంకొక మాట కూడా చెప్పేస్తాను. నేను సంఘం కార్యవర్గంలో ఉన్న రెండేళ్లూ, కరెంటు బిల్లు తగ్గుతుందని మన మురుగు శుద్ధి యంత్రాన్ని రాత్రిపూట ఆపించాం. ఆ నీళ్లు ఎటు పారుతాయో బాల్కనీలోంచి కనబడుతూనే ఉండేది. బెళ్లందూరు చెరువు నురగ మెయిన్ రోడ్డు మీదికి ఎగిరి వచ్చి స్కూటర్ల అద్దాలకు అంటుకున్నప్పుడు, 2018 జనవరిలో ఆ చెరువుకు నిప్పంటుకుని సైన్యం వచ్చి ఆర్పినప్పుడు, మేమంతా వాట్సాప్‌లో ప్రభుత్వాన్ని తిట్టుకున్నాం. తిట్టవలసిందే. కాని ఆ నురగలో మన ఇంటి సబ్బు కూడా ఉంది.

అందుకని నీ ప్రశ్నకు నా జవాబు మార్చుకుంటున్నాను. డేటా సెంటర్ వద్దని అనను. నేను రోజూ కృత్రిమ మేధతోనే సగం కోడు రాయిస్తున్నాను, ఆ యంత్రం ఎక్కడో ఒకచోట ఎవరి నీళ్లో తాగుతూనే ఉంటుంది. అది నా కంటికి కనబడని చోట ఉండాలని కోరడం న్యాయం కాదు. కాని "ఉద్యోగాలు వస్తాయి" అన్న మాటను నువ్వు ఊరికే ఒప్పుకోవద్దు. కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది, కట్టాక అంత పెద్ద భవనాన్ని నడపడానికి చాలా కొద్దిమంది చాలు. ఆ పని స్వభావమే అది. నువ్వు నీ స్నేహితులతో కలిసి సమాచార హక్కు కింద అడగదగినవి ఇంకా ఉన్నాయి. నీళ్లు ఏలేరు కాలువ నుంచా, రైవాడ నుంచా, తాటిపూడి నుంచా, మేఘాద్రిగెడ్డ నుంచా? వేసవిలో జలాశయం అడుగంటితే ముందు ఏ కుళాయి కట్టేస్తారు, ఆ వరుస ఒప్పందంలో రాసి ఉందా? భూములిచ్చిన రైతుల జాబితా ఉంటుంది సరే, ఆ భూముల్లో జీడితోటలకో పాడికో కూలికి వెళ్లేవాళ్ల జాబితా ఎవరైనా రాశారా? ఈ చివరి ప్రశ్నకు "సమాచారం లేదు" అని జవాబు వస్తే, ఆ కాగితం జాగ్రత్తగా దాచిపెట్టు.

సంక్రాంతికి టికెట్టు తీశాను. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో నేరుగా బెంగళూరు దాకా రావద్దు, హిందూపురంలో దిగు. మీ చిన్నాయన బండి వేసుకుని స్టేషనుకు వస్తాడు, నేనూ మీ అమ్మా పావగడలో కలుస్తాం. కాయలు కోసిన ఆ పెద్దమ్మ ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోందని విన్నాను, ఇల్లు చిన్నాయనకు తెలుసు. నీ నోటుబుక్కు తెచ్చుకో. ఈసారి ఆమెను నేను అడగలేను, నువ్వు అడుగు.

ఇట్లు,
మీ నాన్న