కార్యదర్శి వార్షిక నివేదిక: బడిపిల్లలకు కార్టూన్లు, కామిక్స్ పరిచయం

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. ఈ ఏడాది మన ప్రధాన కార్యక్రమం ఉన్నత పాఠశాలల పిల్లలకు కార్టూన్లలో రకాలు పరిచయం చేయడం. నిర్వచనాలు చెబితే పిల్లలు నోట్సు రాసుకుంటారు తప్ప పెన్సిల్ కదపరు. అందుకే అందరికీ ఒకే విషయం ఇచ్చాం: బడి ఆవరణలో కారుతున్న కుళాయి. దాన్నే ఒక్కో రకంలో గీయించాం.

మొదట పాకెట్ కార్టూన్. కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ 1951లో టైమ్స్ ఆఫ్ ఇండియాలో మొదలుపెట్టిన శీర్షికలో సామాన్యుడనే పాత్ర నోరు విప్పదు, మాట్లాడేది పక్కవాళ్లు. అవి చూపించాక ఒక గడి, ఇద్దరు మనుషులు, కింద ఒక్క వ్యాఖ్య చాలని పిల్లలకు పట్టుబడింది. 10 సెం.మీ. వెడల్పున గీయించి జిరాక్సులో సగానికి తగ్గించాం. తగ్గిస్తే సన్నగీతలు తెగిపోతాయి, పెన్సిల్ షేడింగ్ మచ్చలు పడుతుంది. నీడలు కూడా నల్లపెన్ను గీతలతోనే వేయాలి. ఇంకు ఆరకముందు రబ్బరు పెడితే బొమ్మంతా అలుక్కుపోతుంది.

క్యాప్షన్, అంటే కింది వ్యాఖ్య, లేని కార్టూన్ అన్నిటికన్నా కష్టం. పిల్లలు మాటలు మానలేక గోడమీద బోర్డు పెట్టి అందులో రాసేస్తారు. రాజకీయ కార్టూన్‌లోనూ ఇదే తంతు, కుండమీద 'అవినీతి' అని రాస్తే తప్ప అర్థం కాదనుకుంటారు. ముఖ పోలికల్ని పెంచి గీసే కేరికేచర్‌కు మాత్రం ఒక నియమం పెట్టాం: తోటి పిల్లల్ని గీయకూడదు. ఒంటి రంగు, లావు మీదికి పోతుంది, గీయించుకున్న పిల్ల మర్నాడు బడికి రాదు. పేపర్లో రోజూ కనిపించే ప్రముఖుల ముఖంలో ఒకే అంశాన్ని పెంచి చూపమన్నాం.

వరుస గడుల్లో నడిచే స్ట్రిప్‌కు ఏ4 కాగితం అడ్డంగా పెట్టి, 8.5 సెం.మీ. గడులు మూడు, మధ్య అర సెం.మీ. ఖాళీ. చాలామంది చమత్కారాన్ని రెండో గడిలోనే ఖర్చు చేశారు, మూడో గడికి పని మిగల్లేదు. చివరి గడి ముందు గీసి వెనక్కి రమ్మంటే కుదిరింది. పాత్రల మాటలుండే బెలూన్ల సంగతి గట్టిగా చెప్పాలి. ముందు మాటలు రాసి, తర్వాత చుట్టూ బెలూన్ గీయాలి. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి, వరుసల మధ్య ఎడం చాలకపోతే అవి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ముందు మాట్లాడేవాడు ఎడమవైపు, బెలూన్ పైన.

బొమ్మల కథకూ కామిక్స్‌కూ తేడా చెప్పడానికి పాత చందమామ సంచికలు, 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ కామిక్స్ పక్కపక్కన పెట్టాం. చందమామ కథలో బొమ్మ మూసినా కథ నడుస్తుంది, రెండోదాంట్లో బొమ్మ మూస్తే మాటలు అనాథలవుతాయి. ఒక్క ఏ4 కాగితాన్ని ఎనిమిది గళ్లుగా మడిచి, నడిమి మడత వెంట మధ్య రెండు గళ్ల మేరే కత్తిరిస్తే ఎనిమిది పేజీల పుస్తకం వస్తుంది. ముందు పుస్తకంగా మడిచి అంకెలు వేసి, తర్వాత విప్పి గీయాలి. అలా చేయకపోతే సగం పేజీలు తలకిందులే.

మే 20న తొలి తెలుగు కార్టూనిస్టు తలిశెట్టి రామారావు జయంతి నాడు శాఖా గ్రంథాలయంలో పెట్టిన ప్రదర్శన ఈ ఏటి మన గర్వకారణం. వేసవి సెలవులైనా పిల్లలు తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. దండెం కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీసిన ఆ చిన్న పుస్తకాలను పెద్దలు నిలబడి చదివారు. చోటిచ్చిన గ్రంథపాలకులకు, డ్రాయింగు మాస్టార్లకు, ప్రధానోపాధ్యాయులకు, కాగితం కొన్న ధరకే ఇచ్చిన దుకాణదారుకు, ఎండలో నిచ్చెన మోసిన యువ సభ్యులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

బాధతో రెండు మాటలు. బడుల్లో అనుమతి కోసం పెట్టిన దరఖాస్తు సంబంధిత కార్యాలయంలో బల్లలు మారుతూనే ఉంది, చేతికొచ్చేసరికి పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. ఇక సమావేశంలో చేతులెత్తి పేర్లిచ్చిన సభ్యుల్లో ఎక్కువమంది తరగతి గది ముఖం చూడలేదు. పదిమంది పిల్లలకు ఒకరైనా లేకపోతే పెన్సిల్ దశలోనే దిద్దాల్సిన తప్పులు ఇంకుదాకా పోతాయి. వచ్చినవాళ్ల మీదే భారమంతా పడింది.

జమాఖర్చుల పట్టిక జతపరిచాం, ఆడిట్ అయింది. ఖర్చులో ఎక్కువ భాగం కాగితం, పెన్నులు, జిరాక్సులదే. సభ్యత్వ రుసుము బకాయిలు ఈరోజే కోశాధికారికి చెల్లించగలరు.

వచ్చే ఏటి దరఖాస్తు బడులు తెరిచిన వారంలోనే పెడతాం. రాగలిగినవారు మాత్రమే, ఏ రోజు ఏ బడికి రాగలరో రాసి పేర్లివ్వండి.

భవదీయుడు,
కార్యదర్శి