ఇసుక ఎక్కడికెళ్లింది, మంత్రి గారూ?

పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారం.

నాకు ఇద్దరు పిల్లలు. పాపకి నాలుగేళ్లు, బాబుకి పద్నాలుగు నెలలు. కొత్త రిసార్టు కట్టమనో, గాజు వంతెన వేయమనో అడగడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. పొద్దున్నే బయల్దేరి, సముద్రం చూసి, సాయంత్రానికి ఇల్లు చేరే మాలాంటి వాళ్ల గురించి రాస్తున్నాను. మేం హోటల్ గది తీసుకోం, ఎక్కడా టికెట్ కొనం. అందుకే మీ శాఖ లెక్కల్లో పెద్దగా కనపడకపోవచ్చు. ఓ ఆదివారం బీచ్‌కి వెళ్లి చూడండి, ఎటు చూసినా మేమే.

మొన్నటి ఆదివారానికి ముందు ఆదివారం పొద్దున పదింటికి మేం తీరానికి చేరాం. నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. మధ్యలో తడి ఇసుక, నేలలా గట్టిగా, చదునుగా. పాప బకెట్టు పెట్టుకుని బావి తవ్వింది. అడుగున నీళ్లు ఊరితే అది సముద్రం తనకోసం పంపిందని దాని నమ్మకం. బాబు తడి ఇసుక మీద అరచెయ్యి ఆనించడం, తీసి ఆ అచ్చు చూసుకోవడం, మళ్లీ ఆనించడం. అంత సుఖమైన రోజు ఈ మధ్య గుర్తులేదు.

అందుకే మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాం. అదే చోటు, అవే పది గంటలు. తీరా చూస్తే ఇసుకే లేదు. అలలు నేరుగా వచ్చి రాళ్ల కట్టని కొడుతున్నాయి. పాప బకెట్టు పట్టుకుని మెట్ల మీదే నిలబడిపోయింది. "అమ్మా, ఇసుక ఎక్కడికెళ్లింది?" అంది.

ఇంటికొచ్చాక కూర్చుని తెలుసుకున్నాను. చాలా తీరాల్లో ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ్టి పోటు రేపు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఏడు రోజులు తిరిగేసరికి ఆ ఆలస్యం ఆరు గంటలకి దగ్గరవుతుంది. ఈ ఆదివారం పదింటికి నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉంటే, వచ్చే ఆదివారం అదే పదింటికి అవి కట్ట దాకా వచ్చేస్తాయన్నమాట. సెలవు రోజున, పిల్లలు లేచి తయారయ్యే వేళకి మాత్రమే కదలగలిగే కుటుంబాలకి ఇంతకంటే అవసరమైన విషయం ఇంకోటి లేదు. పైగా అమావాస్య, పౌర్ణమి ప్రాంతాల్లో పోటు బాగా పైకొస్తుంది, ఆటు బాగా లోపలికి పోతుంది. అష్టమి రోజుల్లో రెంటికీ తేడా తగ్గుతుంది. చేపలు పట్టేవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆఫీసుల్లో కూర్చుని ఆదివారం కోసం ఎదురుచూసే నాలాంటి వాళ్లకి చెప్పాలి.

చెప్పడానికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఏ రోజు ఎన్నింటికి పోటో, ఎన్నింటికి ఆటో ఏడాది ముందే లెక్కకట్టి పట్టికలు వేస్తారు. ఓడరేవుల్లో పెద్ద ఓడల్ని లోపలికి రానిచ్చేది ఆ పట్టికలు చూసే. ఓడకి చెప్పే కబురు మా పాపకి చెప్పడం కష్టమా? బీచ్ దారి మొదట్లో ఒక నల్లబల్ల, దాని మీద రోజూ సుద్దముక్కతో రెండు టైములు రాసే మనిషి ఒకరు. అవే టైములు ముందురోజు రాత్రికే ఫోన్లో కనపడితే ఇంకా మంచిది. మేం ఎక్కడికి, ఎన్నింటికి వెళ్లాలో తేల్చుకునేది బీచ్ గేటు దగ్గర కాదు, పిల్లలు పడుకున్నాక వంటింట్లో.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతకంటే పెద్ద విషయం. ఇది తెలిశాక ఓ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పిల్లలతో వెళ్లిన ఏ తల్లయినా, తండ్రయినా నీళ్లలో దిగడానికి ఏ చోటు చూసుకుంటారు? అలలు పెద్దగా విరగని చోటు. అటూ ఇటూ నురగ ఉండి, మధ్యలో నీళ్లు నిమ్మళంగా, కాస్త ముదురు రంగులో కనిపించే చోటు. నేనూ అదే చేశాను, ఒకసారి కాదు. చాలాసార్లు అదే రిప్ కరెంట్ ఉండే చోటు. ఒడ్డుకి వచ్చిన నీళ్లు మళ్లీ లోపలికి వెళ్లడానికి చేసుకున్న సందు అది. అక్కడ నీళ్లు సముద్రం వైపు పరుగెడుతుంటాయి, ఒక్కోసారి సెకనుకి రెండు మీటర్లకి పైగా. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకుపోతుంది. అందులో చిక్కినవాళ్లు ఒడ్డుకేసి ఎదురీది అలిసిపోయి మునుగుతారు. కంగారు పడకుండా తేలుతూ ఉండి చెయ్యెత్తి సాయం అడగాలి, ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా ఈది పక్కకి జరగాలి. పెద్దవాళ్లకి చెప్పే మాటలు ఇవి. నాలుగేళ్ల పిల్లకి ఏం చెబుతాం? దాన్ని ఆ సందులోకి దింపకుండా ఉండటం ఒక్కటే మా చేతుల్లో ఉంది. అందుకు ముందు ఆ సందు ఎలా ఉంటుందో మాకు తెలియాలి.

మేం వెళ్లిన చోట ఒక బోర్డు ఉంది. తుప్పు పట్టి సగం అక్షరాలు రాలిపోయాయి. మిగిలినవి కూడబలుక్కుంటే 'జాగ్రత్త' అని అర్థమైంది. దేనికి జాగ్రత్త? ఆ బోర్డు తీసేసి, ఆ తీరాన్నే పైనుంచి తీసిన ఫొటో ఒకటి పెట్టించండి. రిప్ ఎక్కడ ఉందో దాని మీద బాణం గుర్తుతో చూపించండి. ఇసుక తిన్నెలు జరిగినప్పుడల్లా సందు కూడా జరుగుతుంది కాబట్టి ఫొటో కూడా మారుస్తుండాలి. చదువు రాని వాళ్లకి కూడా బొమ్మ అర్థమవుతుంది.

లైఫ్‌గార్డుల జెండాల సంగతీ అంతే. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న రెండు జెండాల మధ్య దిగితే మన మీద ఒక కన్ను ఉంటుందని అర్థం. ఒక్క ఎర్ర జెండా ఉంటే నీళ్లలో దిగకూడదు. నారింజ రంగు గాలిసంచి ఎగురుతుంటే గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తోందని, గాలి నింపిన బొమ్మలు వాడొద్దని. నేను ఇది తెలుసుకునేలోపు ఎన్నిసార్లు పాపని గాలి బాతు మీద కూర్చోబెట్టి ఫొటోలు తీశానో! ఆ జెండాలు ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉంటాయో కూడా నల్లబల్ల మీద రాయించండి. లైఫ్‌గార్డ్ డ్యూటీ దిగి వెళ్లిపోయాక ఖాళీ కుర్చీని చూసి 'ఇక్కడే ఎక్కడో ఉంటాడులే' అనుకునే వాళ్లం మేం.

మునిగే పిల్లలు కేకలు వేస్తారని చాలామంది అనుకుంటారు. వెయ్యరు. నోరు నీటి మట్టానికి వచ్చాక ఊపిరికే చాలదు, ఇంక అరుపు ఎక్కడిది? ఒక మెసేజ్ చదివి తలెత్తేలోపు అయిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోతే, వాళ్లలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలే. ఇది బావులు, చెరువులు, నీళ్ల తొట్లు అన్నీ కలిపిన లెక్కే. కానీ చూస్తుండగానే చప్పుడు లేకుండా జరిగిపోవడం అన్నిచోట్లా ఒకటే. ఐక్యరాజ్య సమితి 2021లో జులై 25ని నీట మునిగే ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది. ఆ రోజు మీ శాఖ ఏదైనా సభ పెట్టాలనుకుంటే హాల్లో పెట్టకండి, బీచ్‌లో పెట్టండి. మేం పిల్లల్ని తీసుకుని వస్తాం.

ఇక టాయిలెట్. నవ్వకండి, మా ప్రయాణం మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది. నాలుగేళ్ల పిల్ల "అమ్మా, వస్తోంది" అందంటే మన చేతిలో ఉండేది రెండు నిమిషాలు. మొన్న ఆదివారం పాపని చంకన వేసుకుని పరుగెత్తాను. తలుపుకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందంటే ఒకాయన ఇంకొకాయన్ని చూపించారు, ఆయన భోజనానికి వెళ్లాడన్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో రాయను, పాప పెద్దయ్యాక ఇది చదివితే నన్ను క్షమించదు. బాబు సంగతి ఇంకోటి. డైపర్ మార్చడానికి బల్ల కాదు కదా, చెయ్యి వెడల్పు గట్టు కూడా లేదు. కారు వెనక సీట్లో నా మోకాళ్ల మీదే వాణ్ణి పడుకోబెట్టాను. మా ఆయన తలుపు దగ్గర తువ్వాలు పట్టుకుని గాలికి అడ్డం నిలబడ్డాడు. తడి ఇసుక తొడల సందుల్లో అంటుకుపోయింది, తుడిస్తే ఒరుసుకుని వాడు ఏడుపు. కావాల్సింది ఒక కుళాయి, మంచినీళ్లు, నడుం ఎత్తులో ఒక బల్ల. అది కూడా ఆడవాళ్ల వైపు ఒక్కటే కాదు, మగవాళ్ల వైపు కూడా. మా ఆయనకీ డైపర్ మార్చడం వచ్చు.

బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కోసం చాలా దేశాల్లో బీచ్‌లు పోటీ పడుతున్నాయి. 1985లో ఫ్రాన్స్‌లో మొదలైన పద్ధతి. నీటి శుభ్రత, టాయిలెట్లు, రక్షణ ఏర్పాట్లు అన్నీ చూసి ఇస్తారు. మంచిదే. కాకపోతే తనిఖీకి వచ్చిన రోజు తెరిచి ఉన్న తలుపు ఆదివారం మధ్యాహ్నం కూడా తెరిచే ఉండాలి.

నీడ గురించి ఒక్క మాట. గొడుగు వేసుకుంటే ఎండ తగలదనుకుంటాం. పొడి ఇసుక ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 15 శాతం దాకా, నురగ 25 శాతం దాకా తిప్పికొడతాయి, అవి గొడుగు కిందికి కూడా వస్తాయి. ఆరు నెలల లోపు పిల్లలకి సన్‌స్క్రీన్ రాయొద్దనే డాక్టర్లు చెబుతారు, నీడే దిక్కు. కాబట్టి గొడుగులు అద్దెకివ్వడం కంటే చెట్లు నాటించండి. పార్కింగ్ గురించి అందరూ మీకు చెబుతూనే ఉంటారు, నేను చెప్పను.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. నా లెక్క ప్రకారం పొద్దున తొమ్మిదింబావుకి అటూ ఇటూగా నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉండాలి. పాపకి ఇసుక ఉంటుందని మాటిచ్చాను. ఆలోపు మీ నల్లబల్ల వస్తే నా లెక్క అక్కడ సరిచూసుకుంటాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి